విన్నమాట సాక్ష్యమవుతుందా? రుజువు చేయవలసిన భారం ఎవరిది?

సందేహి:
ఇటీవల ఒక హత్య కేసు విచారణను తొలి సాక్షి మొదలు తీర్పు వరకు కోర్టు హాలులో వెనుక బెంచీ మీద కూర్చొని విన్నాను. నేను చదివింది న్యాయశాస్త్రం కాదు కనుక నా ప్రశ్నలు పసితనంగా అనిపిస్తే మన్నించండి. ఆ కేసులో ముగ్గురు సాక్షులు వేర్వేరు రోజులలో బోనెక్కి, ముద్దాయి కత్తితో పొడవడం తాను కళ్లారా చూశానని ఫలానా వ్యక్తి తమతో చెప్పాడని ఒకే తీరుగా చెప్పారు. చూశాడంటున్న ఆ వ్యక్తి మాత్రం విచారణ నాటికి ఎక్కడికి వెళ్లాడో ఎవరికీ తెలియలేదు. న్యాయమూర్తి ఆ ముగ్గురి మాటలను పక్కన పెట్టి, మిగిలిన సాక్ష్యం చాలదని ముద్దాయిని విడుదల చేశారు. విచారణ మొత్తంలో ముద్దాయి తన వైపు నుంచి ఒక్క సాక్షిని కూడా పెట్టలేదు, తాను బోనెక్కనూ లేదు.

నా సందేహాలు రెండు. ముగ్గురు ఒకే మాట చెప్పినప్పుడు దానికి అణువంతైనా విలువ ఎందుకు లేకపోయింది? తప్పు చేయనివాడైతే అసలేం జరిగిందో చెప్పడానికి ముద్దాయికి అడ్డేమిటి, చెప్పనందుకు కోర్టు అతడిని ఎందుకు తప్పు పట్టలేదు?

నల్లకోటు:
మొదటి ప్రశ్నకు మాత్రమే ఇప్పుడు జవాబు రాస్తాను, రెండోదానికి నిదానంగా వద్దాం.

మీరు ముగ్గురు సాక్షులంటున్నారు గాని, కత్తిపోటు విషయంలో అక్కడ ఉన్నది ఒక్క సాక్షే, ఆ ఒక్కడూ కోర్టుకు రాలేదు. ఒకే నోటి నుంచి వెలువడిన మాట ముగ్గురి చెవులలో పడినంత మాత్రాన మూడు సాక్ష్యాలు కావు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 60వ సెక్షన్‌గా ఉండి, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 55వ సెక్షన్‌గా మారిన నియమం చెప్పేది ఇదే: మౌఖిక సాక్ష్యం ప్రత్యక్షంగా ఉండాలి, అంటే చూడదగిన విషయాన్ని చూసినవాడే చెప్పాలి, వినదగిన విషయాన్ని విన్నవాడే చెప్పాలి. ఈ రెండో భాగాన్ని చాలామంది గమనించరు. "పక్కింటి నుంచి కేక వినిపించింది" అని చెప్పేవాడు విన్నదే చెబుతున్నాడు, అయినా అది ప్రత్యక్ష సాక్ష్యమే, ఎందుకంటే అక్కడ రుజువు కావలసింది కేకే. "పొడవడం చూశానని ఫలానావాడు నాతో అన్నాడు" అన్నప్పుడు రుజువు కావలసింది పొడవడం. అది ఇతడి కంట పడనే లేదు.

ఇక ఎందుకు పక్కన పెడతారంటారా, నేనే ముద్దాయి తరఫు న్యాయవాదినని అనుకోండి. చూసినవాడు ఎంత దూరంలో నిలబడ్డాడు, దీపం వెలుగెంత, ముద్దాయిని అంతకుముందు ఎరుగునా, ఇద్దరి మధ్య పాత పగలున్నాయా అని నేను క్రాస్ పరీక్షలో, అంటే ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించేటప్పుడు, అడగాలి. ఈ ముగ్గురిలో ఎవరిని అడిగినా "అవన్నీ ఆయన మాకు చెప్పలేదండీ" అనే అంటారు, అందులో అబద్ధమూ ఉండదు. చూసినవాడి చూపును, జ్ఞాపకాన్ని, నిజాయితీని పరీక్షించే మార్గమేదీ మిగలని సాక్ష్యం మీద ఒక మనిషిని జీవితాంతం జైలులో ఉంచమని న్యాయమూర్తిని అడగడం ఎట్లా?

కచ్చితం:
నల్లకోటు గారి వాదనలో బలం ఉన్నది కాని, నేను దానితో పూర్తిగా ఏకీభవించలేను. మనకు తెలిసినదానిలో అధికభాగం విన్నదే; ఎవరి పుట్టిన రోజు వారికి తెలిసేది కూడా పెద్దలు చెప్పగా విన్నందువల్లనే. నిప్పు లేనిదే పొగ రాదని ఊరికే అనలేదు. ఫ్రాన్స్ వంటి దేశాలలో ఏ సాక్ష్యానికి ఎంత విలువ ఇవ్వాలో న్యాయమూర్తుల అంతరంగ విశ్వాసానికి వదిలివేస్తారు, విన్నమాట అయినంత మాత్రాన దాన్ని గుమ్మం దగ్గరే ఆపివేయరు. అక్కడ న్యాయం జరగడం లేదని ఎవరూ అనలేరు కదా. మన కోర్టులు కూడా ఆ ముగ్గురి మాటలను స్వీకరించి, పరీక్షకు నిలవలేదు కనుక తక్కువ తూకం వేసి ఉండవచ్చును. అసలు వినకపోవడానికీ, విని తక్కువగా నమ్మడానికీ చాలా తేడా ఉన్నది.

పాతపుస్తకం:
నేను కొన్నేళ్లు న్యాయ కళాశాలలో సాక్ష్య చట్టం పాఠం చెప్పినవాడిని, కాబట్టి ఈ జవాబు కొంత పాఠంలా సాగితే ఓర్చుకోండి.

కచ్చితం గారు కోరిన పద్ధతి ఇంగ్లండులో ఒకప్పుడు ఉండేది, దాని ఫలితం కూడా చరిత్రలో ఉన్నది. 1603లో సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహ విచారణ జరిగినప్పుడు ప్రధాన సాక్ష్యం కోబమ్ ప్రభువు బయట ఇచ్చిన వాంగ్మూలమే. ఆ ప్రభువు మధ్యలో ఒకసారి మాట మార్చాడు కూడా. అతడిని నా ఎదుటికి తీసుకురండి, నా ముఖం చూసి ఆ మాట అననివ్వండి అని రాలీ పదేపదే అడిగినా న్యాయమూర్తులు ఒప్పుకోలేదు. మరణశిక్ష పడింది, 1618లో అమలైంది. తరువాతి కాలంలో ఆంగ్ల న్యాయవేత్తలు విన్నమాట పట్ల అంత కటువుగా మారడం వెనుక ఇటువంటి విచారణల చేదు జ్ఞాపకం ఉన్నది.

ఆ కటుత్వం హద్దు మీరిన సందర్భాలూ లేకపోలేదు. 1964లో మైయర్స్ కేసులో, దొంగిలించిన కార్లను గుర్తించడానికి కార్ల కర్మాగారం రికార్డులను ప్రాసిక్యూషన్ దాఖలు చేసింది. ఇంజన్ల మీద అచ్చు పోసిన నంబర్లను పనివారు కార్డుల మీద ఎక్కించేవారు. ఏ కార్డు ఏ పనివాడు నింపాడో ఎవరూ చెప్పలేరు కనుక అవి వినికిడి సాక్ష్యమేనని, అంటే విన్నమాట వంటివేనని, అప్పట్లో ఇంగ్లండు అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో ముగ్గురు న్యాయమూర్తులు తేల్చారు, ఇద్దరు విభేదించారు. కార్డు నింపిన పనివాడికి అబద్ధం రాయవలసిన అవసరమేముంది? మరుసటి ఏడాదే పార్లమెంటు చట్టం చేసి ఆ ఇబ్బందిని తొలగించింది, 2003 నాటి చట్టంతో మరింత సడలించింది. కనుక కచ్చితం గారు ఒంటరివారేమీ కాదు. అయితే సడలించిన చాలా సందర్భాలలో, ఆ మాట అన్న మనిషిని ఎందుకు తీసుకురాలేకపోయారో ముందు చెప్పమని కోర్టు అడుగుతూనే ఉన్నది.

నా విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఈ నియమం దగ్గర కాదు, ఏది వినికిడి, ఏది కాదు అని గుర్తించడం దగ్గర. ఇప్పటి మలేషియాలో భాగమైన మలయాలో అత్యవసర పరిస్థితి ఉన్న రోజులలో సుబ్రమణియమ్ అనే వ్యక్తి దగ్గర 20 తూటాలు దొరికాయి; అప్పటి చట్టం ప్రకారం దానికి మరణశిక్ష. ఉగ్రవాదులు నన్ను పట్టుకొని బెదిరించారు, వారు ఏమేమి అన్నారో చెబుతాను అని అతడు బోనులో మొదలుపెట్టగానే, ఆ ఉగ్రవాదులు వచ్చి చెబితే తప్ప అది వినికిడి సాక్ష్యమని విచారణ న్యాయమూర్తి ఆపివేశారు. 1956లో ప్రివీ కౌన్సిల్, అంటే బ్రిటిష్ వలసల నుంచి వచ్చే అప్పీళ్లను లండన్‌లో వినే అత్యున్నత న్యాయస్థానం, ఆ తప్పును సరిదిద్దింది. ఉగ్రవాదులు అన్నది నిజమా కాదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. ఆ మాటలు అతడి చెవిన పడ్డాయా, పడినందువల్ల అతడు ప్రాణభయంతో ఆ పని చేశాడా అన్నదే ప్రశ్న. మాట నిజమని నమ్మించడానికి తెస్తే అది వినికిడి. ఆ మాట అసలు పలికారని చూపడానికి తెస్తే కాదు.

సందేహి:
పాతపుస్తకం గారూ, ధన్యవాదాలు. అంటే ఒకే వాక్యం ఒక కేసులో చెల్లి మరొక కేసులో చెల్లకపోవచ్చునన్నమాట. ఫోనులో వచ్చే సందేశాలకు కూడా ఇదే కొలతా? వాటికి ధ్రువపత్రం జతచేస్తే చాలునని ఎక్కడో చదివాను.

నల్లకోటు:
ఒకే కేసులో కూడా జరుగుతుంది. ధ్రువపత్రం సంగతిలో న్యాయవాదులే తరచుగా పొరబడతారు. కొత్త చట్టం 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రం, ఆ సందేశం ఆ ఫోనులో ఉన్నదని, మధ్యలో ఎవరూ మార్చలేదని నమ్మడానికి పనికివస్తుంది. సందేశంలోని సంగతి నిజమని ఏ ధ్రువపత్రమూ చెప్పదు. "వాడే చంపాడు" అని ఎవరో పంపిన సందేశానికి ఎన్ని ముద్రలు వేసినా, పంపినవాడు బోనెక్కనంత వరకు అది విన్నమాట రాతరూపం మాత్రమే. ముద్దాయి స్వయంగా పంపిన సందేశం వేరే కోవలోకి వస్తుంది, తన మాటను తానే క్రాస్ పరీక్ష చేయలేకపోయానని ఎవరూ ఫిర్యాదు చేయలేరు.

దర్యాప్తు అధికారి బోనెక్కి "నా విచారణలో ముద్దాయే నేరం చేసినట్లు తేలింది" అనడం కూడా ఇటువంటిదే. ఆయన ఎవరెవరిని అడిగి తెలుసుకున్నాడో వారు వచ్చి చెప్పాలి. వారు పోలీసులకు చెప్పినది రాసుకున్న కాగితం సైతం వారి మాట మార్పును ఎత్తి చూపడానికే గాని, దానంతట అది సాక్ష్యం కాదు.

పాతపుస్తకం:
ఈ చర్చలో మన తెలుగు నేల నుంచి ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లిన ఒక కేసును ప్రస్తావించకుండా ఉండలేను, అది పాకాల నారాయణస్వామి కేసు. 1937 మార్చి 23న పూరీ రైల్వే స్టేషనులో మూడో తరగతి రైలు పెట్టెలో ఎవరూ తీసుకోని ఒక ఇనుప పెట్టె దొరికింది, అందులో ఏడు ముక్కలుగా నరికిన మృతదేహం ఉన్నది. మృతుడు పిఠాపురం దివాను దగ్గర బంట్రోతుగా పనిచేసినవాడు. ముద్దాయి ఆ దివాను అల్లుడు. అల్లుడి భార్య మృతుడి దగ్గర అప్పు తీసుకున్నట్లు ఆమె సంతకాలతో ఉత్తరాలు మృతుడి ఇంట్లో దొరికాయి. మార్చి 20న ఆ బంట్రోతుకు ఒక సంతకం లేని ఉత్తరం వచ్చింది. బాకీ డబ్బు తీసుకోవడానికి బరంపురం రమ్మని ముద్దాయి భార్య రాసిందని, అందుకే వెళుతున్నానని తన భార్యతో చెప్పి, మరునాడు అతడు రైలెక్కాడు. అంతే, మళ్లీ తిరిగి రాలేదు.

భర్త చెప్పి వెళ్లిన ఆ మాటను భార్య కోర్టులో చెప్పవచ్చునా? అక్షరాలా అది వినికిడే. చెప్పిన భర్తకు అప్పటికి దెబ్బ తగలలేదు, తాను చావబోతున్నానన్న తలపు కూడా లేదు. అప్పటి ఆంగ్ల న్యాయం ప్రకారమైతే అది ససేమిరా చెల్లేది కాదు, అక్కడ మరణ వాంగ్మూలం ఇచ్చేవాడు బతుకు మీద ఆశ పూర్తిగా వదులుకొని ఉండవలసి వచ్చేది. 1869లో జెంకిన్స్ కేసులో, కోలుకునే ఆశ లేదని గుమాస్తా రాసిన వాక్యంలో "ప్రస్తుతానికి" అనే మాట చేర్చమని చావుబతుకుల్లో ఉన్న స్త్రీ కోరింది. ఆ ఒక్క మాటలో ఎక్కడో ఆశ మిగిలి ఉన్నదని భావించి ఆమె వాంగ్మూలాన్నే తోసిపుచ్చారు. మన చట్టాన్ని రాసిన ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ ఆ షరతును కావాలనే పెట్టలేదు. మృతుడు తన చావుకు కారణం గురించి గాని, ఆ చావుకు దారితీసిన సంఘటనకు సంబంధించిన పరిస్థితుల గురించి గాని చెప్పినది, చావు భయం ఉన్నా లేకున్నా చెల్లుతుంది. 1939లో ప్రివీ కౌన్సిల్ తరఫున లార్డ్ ఆట్కిన్ ఆ పాత 32వ సెక్షన్‌ను, అంటే ఇప్పటి 26వ సెక్షన్‌ను వ్యాఖ్యానిస్తూ, ప్రయాణం కట్టిన కారణాన్ని చెప్పిన మాట ఆ పరిస్థితులలో భాగమేనని తేల్చారు. అయితే ఆ మాటకు చావుతో దగ్గరి సంబంధం ఉండాలి, దూరపు అనుమానాలు కుదరవన్నారు.

దీన్ని ఇంత విస్తారంగా చెప్పడానికి కారణం ఒకటున్నది. ఆ మాట సాక్ష్యంగా చెల్లినంత మాత్రాన హత్య రుజువైపోదు. అతడు ఎక్కడికి, ఎందుకు బయలుదేరాడో మాత్రమే అది చెబుతుంది. చెల్లుబాటు వేరు, రుజువు వేరు.

బెంచి గుమాస్తా:
నేను మేజిస్ట్రేటు కోర్టులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడిని, మరణ వాంగ్మూలాలు రాసుకునేటప్పుడు చాలాసార్లు మేజిస్ట్రేటు వెంట ఆసుపత్రికి వెళ్లాను. ఆసుపత్రి నుంచి కబురు రాగానే, వేళ ఏదైనా, వెళ్లవలసిందే. ముందుగా బంధువులను, పోలీసులను గది బయటికి పంపేవారు. నీ పేరేమిటి, నీవిప్పుడు ఎక్కడున్నావు, నేనెవరినో తెలుసా వంటి చిన్న ప్రశ్నలు అడిగి, జవాబులు పొందికగా ఉన్నాయనుకున్న తరువాతే అసలు సంగతికి వెళ్లేవారు. చెప్పినది చెప్పినట్లు వారి యాసలోనే రాయాలని మా అయ్యగారు పట్టుబట్టేవారు. రెండు చేతులూ కాలిపోయినవారి దగ్గర కాలి వేలిముద్ర తీసుకున్న రోజులు కూడా ఉన్నాయి.

డాక్టరు ధ్రువీకరణలో ఒక మాట తగ్గినందుకు కేసులు దెబ్బతిన్న కాలం ఒకటుండేది. ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన పాపారంబక రోశమ్మ కేసులో 1999లో సుప్రీంకోర్టు, మనిషి స్పృహలో ఉన్నదని డాక్టరు రాస్తే చాలదు, వాంగ్మూలం ఇవ్వగల మానసిక స్థితిలో ఉన్నదని కూడా రాయాలన్నది. 2002లో లక్ష్మణ్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ మాటను తొలగించింది. రాసుకున్న మేజిస్ట్రేటు ఆ స్థితిని స్వయంగా చూసి తృప్తి పడితే, డాక్టరు ధ్రువీకరణ లేకున్నా వాంగ్మూలం నిలబడుతుంది.

ఒక మాట చేర్చాలి. వాంగ్మూలం ఇచ్చిన మనిషి బతికి బయటపడితే అది మరణ వాంగ్మూలం కాకుండా పోతుంది, ఆ మనిషే వచ్చి బోనెక్కాలి.

కచ్చితం:
ఇన్ని మినహాయింపులు ఉన్నాయని ఒప్పుకుంటాను. చనిపోయినవారిని క్రాస్ పరీక్ష చేయలేకపోయినా వారి మాటను స్వీకరిస్తున్నప్పుడు, కనబడకుండా పోయినవాడి మాటను స్వీకరించడానికి అభ్యంతరమేమిటో నాకింకా బోధపడలేదు. దానికి ఎవరైనా జవాబు చెప్పాలి. ఇక సందేహి గారి రెండో ప్రశ్న. నాలుగు గోడల మధ్య, భార్యాభర్తలు ఇద్దరే ఉన్న ఇంట్లో ఒకరు చనిపోతే, ఏం జరిగిందో రెండోవారికే తెలుస్తుంది. అక్కడ కూడా ప్రాసిక్యూషనే అంతా రుజువు చేయాలనడం లోకరీతికి విరుద్ధం కాదా?

నల్లకోటు:
రెండోదానికే ముందు జవాబిస్తాను. 1935లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకు వచ్చిన ఊల్మింగ్టన్ కేసు సరిగ్గా ఇదే. ఇరవై ఒక్కేళ్ల పొలం కూలీ, విడిగా ఉంటున్న భార్య దగ్గరికి తుపాకీ తీసుకొని వెళ్లాడు, తుపాకీ పేలి ఆమె చనిపోయింది. బెదిరించబోతే పొరపాటున పేలిందని అతడన్నాడు. చంపినట్లు తేలింది కనుక పొరపాటని రుజువు చేసుకోవలసింది అతడేనని విచారణ న్యాయమూర్తి జ్యూరీకి చెప్పారు, ఉరిశిక్ష పడింది. లార్డ్ శాంకీ ఆ శిక్షను రద్దు చేస్తూ, ముద్దాయి నేరాన్ని రుజువు చేయవలసింది ప్రాసిక్యూషనే అన్న సూత్రం ఆంగ్ల నేర న్యాయమంతటా ఒక బంగారు దారంలా సాగుతుందన్నారు.

మన చట్టంలో పాత 106వ సెక్షన్, ఇప్పటి 109వ సెక్షన్, ఒకరికే ప్రత్యేకంగా తెలిసిన విషయాన్ని వారే రుజువు చేయాలంటుంది. దీన్ని అక్షరాలా తీసుకుంటే ఎంత ప్రమాదమో 1956లో శంభునాథ్ మెహ్రా కేసులో సుప్రీంకోర్టు చూపించింది: హత్య చేశానో లేదో ముద్దాయికన్నా బాగా ఎవరికి తెలుసు? ఆ లెక్కన ప్రతి ముద్దాయీ తాను హంతకుడిని కానని రుజువు చేసుకోవలసి వస్తుంది. కనుక ప్రాసిక్యూషన్ ముందు తన పునాది తాను వేసుకోవాలి. ఆ పునాది పడిన తరువాత, ఇంట్లో జరిగిన మరణానికి ఇంట్లో ఉన్నవాడు వివరణ ఇవ్వకపోయినా, అబద్ధపు వివరణ ఇచ్చినా, ఆ మౌనం పరిస్థితుల గొలుసులో మరొక కొక్కెం అవుతుందని 2006లో త్రిముఖ్ మారుతి కిర్కన్ కేసులో చెప్పారు. కొక్కెం మాత్రమే, గొలుసు కాదు.

ఇందులో మన రాజమండ్రి నుంచి వెళ్లిన సుప్రీంకోర్టు న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారి పాత్ర గురించి చెప్పాలి. ముద్దాయి మతిస్థిమితం లేదని వాదిస్తే, ఆ మినహాయింపును రుజువు చేసే భారం అతడిదే అని చట్టం అంటుంది. 1964లో దాహ్యాభాయ్ కేసులో ఆయన ముద్దాయి మీద ఉన్న ఈ భారాన్ని, ప్రాసిక్యూషన్ మీద ఉన్న భారాన్ని విడదీసి చూపారు. ముద్దాయి తన భారాన్ని సివిల్ కేసులో వలె ఏది ఎక్కువ సంభావ్యమో చూపి దించుకోవచ్చు. అది కూడా చేయలేకపోయినా, అతడు తెచ్చిన సాక్ష్యం వల్ల నేర మనసు ఉన్నదా అన్నదాని మీద సహేతుకమైన సందేహం మిగిలితే, ప్రాసిక్యూషన్ తన భారం దించుకోనట్లే.

ఏపీపీ:
నేను ప్రాసిక్యూషన్ వైపు పనిచేస్తున్నదానిని కనుక మా పక్షం కూడా ఇక్కడ నమోదు కావాలి. ముద్దాయి మౌనంగా ఉంటే మాకు లభించేది చాలా స్వల్పం, కాని సాక్షి మాట మారిస్తే మేము పోగొట్టుకునేది సర్వస్వం. ఏ చిన్న సందేహమైనా ముద్దాయికే అన్న ధోరణి మితిమీరితే సమాజ రక్షణ దెబ్బతింటుందని, దోషి తప్పించుకోవడం కూడా న్యాయం తప్పడమేనని 1973లో శివాజీ బొబడే కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి కృష్ణయ్యర్ గారు హెచ్చరించారు. ఆ తీర్పును మా వారంతా కంఠస్థం చేస్తారు.

పెళ్లయిన ఏడేళ్లలోపు అసహజ మరణం సంభవించి, చావుకు ముందు దగ్గరి కాలంలో కట్నం కోసం వేధించారని మేము రుజువు చేస్తే, అలా వేధించినవారే ఆ మరణానికి కారకులని కోర్టు భావించాలని 118వ సెక్షన్ అంటుంది. ఇది కూడా భారం మొత్తాన్ని వారి మీద వేయడం కాదు, వేధింపును ముందు మేమే చూపాలి. కూతురు ఫోనులో ఏడుస్తూ చెప్పిన మాటలను తల్లి కోర్టులో చెప్పినప్పుడు, పాతపుస్తకం గారు చెప్పిన 26వ సెక్షనే మాకు దిక్కు.

ఇక కచ్చితం గారి ప్రశ్న. 26వ సెక్షన్ మొదటి వాక్యంలోనే చనిపోయినవారితో పాటు "కనుగొనలేనివారు" కూడా ఉన్నారు. అయితే వారి మాటలన్నీ చెల్లవు. చట్టం పేర్కొన్న కొన్ని రకాలే చెల్లుతాయి. తన చావు గురించి చెప్పినది ఒక రకం, ఉద్యోగ వ్యవహారంలో రోజువారీగా రాసినది ఒక రకం, తన ప్రయోజనానికే విరుద్ధంగా చెప్పినది ఇంకొకటి. ఎదుటివాడు పొడవడం చూశానని తోటివారితో చెప్పిన మాట వీటిలో దేనిలోనూ ఇమడదు. అదే వ్యక్తి ఆ కక్షిదారుల మధ్యే ముందు ఏదైనా న్యాయ విచారణలో సాక్ష్యమిచ్చి, ముద్దాయికి అప్పుడు క్రాస్ పరీక్ష చేసే అవకాశం దొరికి ఉంటే, ఆ సాక్ష్యాన్ని 27వ సెక్షన్ కింద ఇప్పుడు వాడుకోవచ్చును. చూశారా, మళ్లీ అక్కడికే వచ్చాం. నా అనుభవంలో, లోపం నియమంలో కన్నా జాప్యంలో ఎక్కువగా ఉన్నది. సంఘటన జరిగిన ఏళ్ల తరువాత గాని సాక్షికి సమన్లు అందవు.

సందేహి:
ఏపీపీ గారూ, మీ జవాబుతో మరొక చిక్కు తోచింది. ఆ కనబడని వ్యక్తి "నేనే పొడిచాను" అని ఆ ముగ్గురితో అని ఉంటే ఏమయ్యేది? ముద్దాయి తనను కాపాడుకోవడానికి ఆ మాటను వాడుకోగలిగేవాడా?

పాతపుస్తకం:
ఇంత మంచి ప్రశ్న మా తరగతి గదిలో కూడా అరుదుగా వచ్చేది. ఇంగ్లండులో 1985 నాటి బ్లాస్ట్‌లాండ్ కేసులో ముద్దాయి, నేరం చేసింది మరొకడని చూపడానికి అతడి మాటలను తేబోతే, హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒప్పుకోలేదు. అంటే వినికిడి నియమం ప్రాసిక్యూషన్‌నే కాదు, ముద్దాయిని కూడా కట్టివేసింది. మన చట్టం ఇక్కడ ఉదారంగా ఉన్నది. తన మీదికే నేర విచారణ రాగల మాట అన్నవాడు చనిపోయినా, కనుగొనలేకపోయినా, ఆ మాట 26వ సెక్షన్‌లోని ప్రయోజన విరుద్ధమైన ప్రకటనల కిందికి వస్తుంది. తన మెడకు తానే ఉరి తగిలించుకొనే మాటను మనిషి ఊరికే అనడని చట్టం భావిస్తుంది.

నల్లకోటు:
పైగా ముద్దాయి ఆ మాట నిజమని రుజువు చేయనక్కరలేదు. అది నిజమై ఉండవచ్చునని న్యాయమూర్తికి సహేతుకంగా తోస్తే చాలు. అదే మాటను మరొకరి మీద శిక్ష వేయించడానికి ప్రాసిక్యూషన్ తెస్తే, కొలత పూర్తిగా వేరుగా ఉంటుంది.

సందేహి:
తీర్పు నకలు కోసం దరఖాస్తు చేశాను. ఆ వ్యక్తిని వెతకడానికి పోలీసులు ఏమేమి చేశారో, సమన్లు ఎన్నిసార్లు తిరిగి వచ్చాయో అందులో ఉంటుందేమో చూసి, ఇక్కడే రాస్తాను.